ఊడవకూడని వాలు

నాలుగో ఏడు ఆకులు రాలే కాలంలో కూడా మీటరు దైషు మాట వినలేదు.

వాలు మీద గొంతుక్కూర్చుని, అరచేతిలో పట్టేంత ఆ పసుపుపచ్చ పెట్టెను నేలకు జానెడు ఎత్తున పట్టుకున్నాడు. అది టిక్కుటిక్కుమని ఒక అంకె చూపించింది. పోయిన ఏడు ఇదే చోట ఊడ్చి ముగించాక చూసిన అంకెకు ఇది దాదాపు రెట్టింపు. ఈ ఏడాదిలో ఎవరూ ఇక్కడికి ఏమీ తెచ్చి పొయ్యలేదు. అయినా అంకె సొంత ఇంటికి వచ్చినట్టు తన పాత చోటికి వచ్చి కూర్చుంది.

దైషు బౌద్ధ సన్యాసి. ముప్పై రెండేళ్లవాడు. పట్నంలో ఉద్యోగం వదిలేసి, జపాన్ కొండల్లోని ఈ చిన్న మఠానికి వచ్చి కైదో గురువు దగ్గర చేరాడు. అప్పటికే కింది ఊరు ఖాళీ. కొండల అవతల, సముద్రం ఒడ్డున ఉన్న అణువిద్యుత్ కేంద్రం పేలిన ఏడాది, వానతో పాటు విషం కురిసింది. ముందు చెట్ల కొమ్మల మీద పడింది. ఆకులతో పాటు రాలింది. ఆకులతో పాటు కుళ్లి మట్టిలోకి దిగింది. ఊరివాళ్లను బస్సులెక్కించి తీసుకెళ్లిపోయారు. కైదో గురువు మాత్రం కొన్నాళ్లకే తిరిగి వచ్చేశాడు. "నాకు డెబ్బై దాటాయి. నన్ను కొలిచి ఏం చేసుకుంటారు?" అన్నాడట.

తరవాత ప్రభుత్వం ఊరిని శుభ్రం చేయించింది. ఇళ్ల కప్పులు కడిగారు. పెరళ్లలో పైమట్టి గీకేసి, ఎక్కడినుంచో కొత్త మట్టి తెచ్చి పోశారు. కొండ దగ్గరికి వచ్చేసరికి ఇళ్లను ఆనుకుని ఇరవై అడుగులు ఊడ్చి ఆగిపోయారు. కొండను కడగలేం అన్నారు. వాళ్లు చెప్పిన మాటల్లో నిజమైంది ఆ ఒక్కటే.

ఊళ్లో చాలా ఇళ్లు కొండకు దూరం. అవి ఒకటొకటిగా తెరుచుకున్నాయి. హత్సుయె అనే ముసలామె ఇల్లు మాత్రం వాలు కిందనే ఉంది. ఏటా అధికారి వచ్చి ఆమె పెరడు కొలిచేవాడు. ఏటా అంకె, మనుషులు ఉండొచ్చని ప్రభుత్వం గీసిన గీతకు కాస్త ఎగువన ఉండేది. కాస్తంటే కాస్తే. ఆ కాస్త కోసం ఎనభై మూడేళ్ల మనిషి పట్నంలో, మూడో అంతస్తులో, ఒంటి గదిలో ఉంటోంది. నెలకోసారి పగటిపూట వచ్చి ఇల్లు తుడుచుకుని, వాలు మీద ఉన్న భర్త సమాధి ఊడ్చుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది.

"ఆ గదిలో చావబుద్ధి కాదు చిన్నస్వామీ. అక్కడ గోడలకి కూడా నేనెవరో తెలీదు" అంది ఓసారి దైషుతో.

ఆ మాట దైషు గుండెలో దిగబడిపోయింది.

జెన్ మఠంలో సన్యాసి నేర్చుకునే మొదటి పని ఊడవడం. కొన్ని మఠాల్లో చివరి పని కూడా అదే. తెల్లారగానే వెదురు చీపురు పట్టుకుని వాకిలి ఊడవాలి, ఆకు ఉన్నా లేకపోయినా. ఊడ్చి వచ్చాక కైదో గురువు టీ పోస్తూ ఒకటే ప్రశ్న అడిగేవాడు. "ఇవాళ ఊడ్చావా?" ఊడ్చాను అంటే టీ గిన్నె ఇటు జరిపేవాడు. అంతే వాళ్ల ప్రసంగం, అంతే వాళ్ల శాస్త్రం.

దైషు చీపురు పడితే నేల అద్దంలా ఉండేదని పెద్దమఠం వాళ్లు కూడా చెప్పుకునేవారు. ఆ పేరు అతనికి ఇష్టం. సన్యాసికి ఇష్టాలు ఉండకూడదంటారు గానీ, ఇది మాత్రం చీపురు సందుల్లో దాక్కుని బతికేసింది. వాకిలిని అద్దం చేసినవాడికి వాలు ఒక లెక్కా అనుకున్నాడు. హత్సుయె ఇంటి వెనక, అధికారులు ఆగిపోయిన చోటు నుంచి పైకి వంద అడుగులు ఊడవడం మొదలుపెట్టాడు. ఆకులన్నీ నల్ల సంచుల్లో కట్టి మఠం వెనక పేర్చాడు.

"వచ్చే ఏడు మీ ఇంట్లోనే ముల్లంగి ఊరబెట్టుకుంటారమ్మా. మాట ఇస్తున్నాను" అని హత్సుయెకు చెప్పాడు.

అలా మూడేళ్లు చెప్పాడు.

నాలుగో ఏడు, ఆ మీటరు పట్టుకుని తిన్నగా గురువు దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, ఊడ్చిన చోటికి మళ్లీ ఎలా వస్తోంది? ఎక్కడినుంచి వస్తోంది?"

కైదో గురువు చెప్పులు వేసుకుని అతని వెంట వాలు దాకా వచ్చాడు. వంగి, నేల మీద ఆకులపొరను చాప ఎత్తినట్టు ఒక పక్కనుంచి ఎత్తాడు. పైన ఈ ఏటి ఎండుటాకులు. కింద సగం కుళ్లినవి. ఆ కింద తడి నల్లమన్ను. ఆ మూడింటినీ కలిపి కుట్టినట్టు, సన్నటి తెల్లటి బూజు పోగులు. గురువు ఒక పోగు మీద వేలు పెట్టి, అది వెళ్లి అతుక్కున్న చెట్టువేరు దాకా జరిపాడు. వేరు మీదనుంచి మొదలుకి, మొదలు మీదుగా చెయ్యి అందేంత ఎత్తు దాకా తీసుకెళ్లి, వేలితో పైకి చూపించాడు. చూస్తుండగానే ఒక ఆకు రాలింది. దాన్ని పట్టుకుని తెచ్చి మీటరు మీద పెట్టాడు.

మీటరు టిక్కుమంది.

తరవాత గురువు ఆ ఆకుల చాపను మళ్లీ జాగ్రత్తగా పరిచి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

చాపను పరిచి తట్టడం దైషు చూడలేదు. అప్పటికతను తలెత్తి చెట్ల చివర్లకేసి చూస్తున్నాడు. అతనికి అంతా తెలిసిపోయింది. విషం మట్టిలోకి దిగుతుంది, బూజు పోగులు దాన్ని వేళ్లకు అందిస్తాయి, వేళ్లు ఆకులకు పంపుతాయి, ఆకులు మళ్లీ నేలకు రాలుస్తాయి. చెట్టు దాన్ని తిండి అనుకుంటోంది. పాపం, దానికేం తెలుసు? అయితే ఆకులు తీస్తే చాలదు. ఆ పోగుల్ని తీసేయాలి, ఆ నల్లమన్ను తీసేయాలి.

గురువులు మాట్లాడరని, చేసి చూపిస్తారని మనం గొప్పగా రాసుకుంటాం. నేనూ అలాంటి కథలు రాసినవాడినే. ఆ రోజు ఆ వాలు మీద కైదో గురువు ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ చలికాలమంతా దైషు పార పట్టాడు. నల్లమన్ను, పోగులు, సన్నవేళ్లు అన్నీ గీకేశాడు. గడ్డకట్టిన నేల మీద పార మోగేది. చేతులు పగిలి రక్తం కారితే గుడ్డ చుట్టుకుని మళ్లీ గీకేవాడు. వసంతం వచ్చేసరికి హత్సుయె ఇంటి వెనక వాలు పచ్చిపుండులా ఎర్రగా బయటపడింది. మఠం వెనక మూడు వందల పన్నెండు సంచులు పేరుకున్నాయి. హత్సుయె భర్త కన్జి సమాధిరాయి చుట్టూ కూడా గడ్డిపోచ లేదు.

అధికారి మురాసె వచ్చాడు. నెమ్మదైన మనిషి. పెరడు నాలుగు మూలలా కొలిచాడు. వాలు కిందికి ఆనుకున్న మూల రెండుసార్లు కొలిచాడు. లేచి టోపీ తీసి, దైషుకు వంగి నమస్కారం చేశాడు. "గీతకు దిగువన ఉంది స్వామీ. ఆమె వచ్చేయొచ్చు."

దైషు మఠం దాకా పరిగెత్తాడు. "గురువుగారూ, తగ్గింది! హత్సుయెగారు వచ్చేస్తున్నారు!"

కైదో గురువు తలెత్తి చూశాడు. ముసలి ముఖంలో ఏదో వచ్చి పోయింది. "మంచిది" అన్నాడు.

హత్సుయె మే నెల రెండో వారంలో వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టకుండా కాసేపు ద్వారబంధం పట్టుకుని నిలబడింది. సాయంత్రానికల్లా ఊరగాయ తొట్టి బయటికి తీసి కడిగింది. తొట్టి మూత మీద బరువు పెట్టే గుండ్రటి రాయిని కూడా కడిగి ఎండబెట్టింది. అత్తగారు ఇచ్చిన రాయి అది. మర్నాడు పెరట్లో ముల్లంగి గింజలు చల్లింది.

"ఇది ముల్లంగికి అదను కాదు, ఆకుకూరలా తినడానికే. అసలు ఊరగాయ చలికాలంలో పెడతా. మొదటి ముక్క మీకే చిన్నస్వామీ" అంది.

"నాకు కాదమ్మా, గురువుగారికి" అన్నాడు దైషు. కానీ ఆ రాత్రి తనకే అని ఆశపడ్డాడు.

ఆమె ఇంట్లో ఇరవై ఆరు రోజులుంది.

జూన్‌లో ముసురు పట్టింది. మూడోరోజు వాన ఉధృతమైంది. పైనుంచి వచ్చే నీళ్లు ఇంతకాలం ఆకుల్లో ఆగి, పోగుల్లో ఇంకి, నెమ్మదిగా కిందికి దిగేవి. ఇప్పుడు వాటిని ఆపేవాళ్లు లేరు. ఎర్రమట్టి మీద పడి పరుగు తీశాయి. పరిగెడుతూ కాలవలు కోశాయి. కోస్తూ కోస్తూ పైకి పాకాయి. దైషు ఊడవని ఎగువ అడవి అంచు విరిగిపడి, పదేళ్లుగా అక్కడ కదలకుండా పడుకున్న నల్లమన్నునంతా ముందుకు తోసుకుంటూ దిగింది.

తెల్లారేసరికి హత్సుయె పెరడు అరచెయ్యి మందాన బురద కింద ఉంది. ముల్లంగి మొలకలు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు.

మురాసె వచ్చి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. మూడోసారి కూడా కొలిచాడు. అంకె అర్థం కాక కాదు, తలెత్తి ఆమె ముఖం చూడలేక. పేలుడైన ఏడాది ఉన్నదానికంటే ఇప్పుడు ఎక్కువగా ఉంది.

"ఈ బురద నేను గీకేస్తాను" అన్నాడు దైషు. "ఇవాళే గీకేస్తాను."

"తరవాతి వానకి, స్వామీ?" అన్నాడు మురాసె. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగాడు.

హత్సుయె వసారాలో కూర్చుని ఉంది. "ఎన్నాళ్లు పడుతుంది నాయనా?" అంది.

"ముప్పై ఏళ్లకి సగం పోతుందమ్మా" అన్నాడు మురాసె.

"మిగతా సగమో?"

"ఇంకో ముప్పై ఏళ్లకి, అందులో సగం."

ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంది. "ముప్పై ఏళ్లకి నాకు నూట పద్నాలుగు. పళ్లుండవు. ఇక ముల్లంగి ఏం కొరుకుతాను" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

సాయంత్రం బస్సులో ఆమెను ఎక్కించారు. దైషు బస్సు దగ్గరికి వెళ్లలేదు. వెళ్లే ముఖం లేదు.

మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. నాలుగోరోజు పొద్దున మూట కట్టుకుని, గురువుకు చెప్పి వెళ్లిపోదామని వచ్చాడు. గురువు గదిలో లేడు. వాకిట్లో లేడు. మఠం వెనక ఒక సంచి విప్పి ఉంది. తడిమట్టిలో ముసలి అడుగులు వాలు వైపు వెళ్లాయి.

కైదో గురువు ఎర్రటి వాలు మీద మోకాళ్లపై కూర్చుని, సంచిలోంచి ఆకులూ నల్లమన్నూ ఉత్త చేతులతో తీసి నేల మీద పరుస్తున్నాడు. జారిపోకుండా అడ్డంగా వెదురుబద్దలు పాతుతున్నాడు. పరిచినచోట అరచేత్తో రెండుసార్లు తడుతున్నాడు.

"గురువుగారూ! అది విషం!"

"అవును."

"నేను నాలుగేళ్లు తీసింది అదే!"

"అవును. కొండది కొండకి ఇస్తున్నాను."

దైషు అక్కడే బురదలో కూలబడ్డాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. "మీకు ముందే తెలుసా?"

గురువు చేతులు ఆగాయి.

"ఆకులు కప్పి ఉంచాలని తెలుసు. ఆ రోజు కప్పి చూపించాను. నువ్వు చూశావనుకున్నాను. చలికాలంలో నీ పార మోగుతుంటే, చూడలేదని అర్థమైంది."

"మరి ఎందుకు ఆపలేదు?"

"అంకె తగ్గింది కదా" అన్నాడు కైదో గురువు. "ఆవిడ వచ్చేస్తుందన్నావు. నేనూ ఆశపడ్డాను నాయనా."

అంతకుముందు గురువు నోట అలాంటి మాట దైషు ఎప్పుడూ వినలేదు. గురువు తప్పు చేస్తాడని అతనికెప్పుడూ తోచలేదు. దాంతో అతని దుఃఖం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆనుకోవడానికి ఉన్న ఒక్క గోడా కూలినట్టయింది.

"ఇప్పుడిది ఏం చేస్తుంది? ఈ ఆకులు?"

"ఏమీ చెయ్యవు. అడుగున బంకమన్ను విషాన్ని పట్టుకుంటుంది. పైన ఆకులు ఆ మన్నుని పట్టుకుంటాయి. కదలకుండా ఉంటే చాలు."

"ఎన్నాళ్లు?"

"మనకి తెలిసినవాళ్లంతా పోయేదాకా. వాళ్లకి తెలిసినవాళ్లు కూడా."

"అయితే ఆవిడ రాదు."

"రాదు."

దైషు మూట పక్కన పెట్టి ఇంకో సంచి విప్పాడు. వేరే ఏం చెయ్యాలో తోచక విప్పాడు. వేసవంతా ఇద్దరూ అదే పని చేశారు. మూడు వందల పన్నెండు సంచులు మోసి తెచ్చినంత దూరమూ మళ్లీ మోశారు. ఇది మంచిపని అని దైషుకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. కన్జి సమాధి చుట్టూ మాత్రం పరచలేదు. ఆ పని తమది కాదని గురువు వారించాడు.

ఆకులు రాలే కాలం మళ్లీ వచ్చింది. ఒకరోజు హత్సుయె వచ్చింది. ఇంకో ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. నెలనెలా వచ్చి వెళ్లలేనంత దూరం. మళ్లీ రావడం కుదరదని ముందే కబురు పెట్టింది. ఇంట్లోంచి ఊరగాయ రాయి ఒక్కటే తీసుకుంది. మురాసె మీటరుతో కొలిచి, తీసుకెళ్లొచ్చని చెప్పాడు. దాన్ని గుడ్డలో చుట్టి వసారాలో పెట్టి, చిన్న చీపురు పట్టుకుని వాలు ఎక్కడం మొదలుపెట్టింది.

భర్త సమాధి ఆఖరిసారి ఊడవడానికి.

ఈసారి దైషు దాక్కోలేదు. సమాధి దగ్గర నిలబడి ఉన్నాడు. అప్పటికే రాయి చుట్టూ కొత్త ఆకులు రాలి ఉన్నాయి. ఎర్రటి నేల మీద పసుపుపచ్చగా, పల్చగా.

ఆమె వంగి చీపురు ఆనించింది.

"అమ్మా" అన్నాడు దైషు. "అమ్మా, ఊడవొద్దు."

ఆమె తలెత్తి చూసింది. పక్కనున్న వాలు చూసింది. వెదురుబద్దలు, వాటి వెనక ఒద్దికగా ఆగి ఉన్న ఆకులు. ఈ చోటు ఒక్కటే బోడిగా ఉండటం చూసింది. కైదో గురువు కాస్త కింద, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా వల్లే అమ్మా" అన్నాడు దైషు. "మీకు మాట ఇచ్చి..."

"నాకు తెలుసు చిన్నస్వామీ" అంది హత్సుయె. పర్లేదు అనలేదు. క్షమించానని కూడా అనలేదు.

చీపురు కింద పెట్టింది. నాలుగడుగులు పక్కకు వెళ్లి, చెట్టు మొదట్లో పోగైన ఆకులు రెండు చేతులా ఎత్తి తెచ్చింది. సమాధిరాయి పాదం దగ్గర పోసి సర్దింది. మళ్లీ వెళ్లింది. మళ్లీ తెచ్చింది. బోడిగా ఉన్న నేలంతా కప్పి, అంచులు లోపలికి దోపింది.

"చలికాలం వస్తోంది. ఆయనకి చలి ఎక్కువ" అంది.

రాయి వైపు ఒకసారి చేతులు జోడించి, వాలు దిగి, రాతిమూట ఎత్తుకుని బస్సు వైపు వెళ్లిపోయింది. చీపురు తీసుకెళ్లలేదు.

మర్నాడు పొద్దున మఠం వాకిలి నిండా ఆకులు. దైషు చాలాసేపు వాటి మధ్య నిలబడ్డాడు. చీపురు గోడకి ఆనించే ఉంది. తరవాత లోపలికి వెళ్లి, గురువు ఎదురుగా కూర్చున్నాడు.

కైదో గురువు టీ పోశాడు.

"ఇవాళ ఊడ్చావా?"

"లేదు గురువుగారూ."

గురువు తన గిన్నె కూడా అతని వైపే జరిపాడు.